తుప్పుకి కారణం ఉండాలి

9 జనవరి 1994, ఆదివారం

"నీ పేరు రాసిన అట్ట నా చేత్తో నేనే పెడతాను సిమ్, ఒట్టు." డెస్మండ్ ఈ మాట అన్నది 1962 జూలైలో, మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చక్కెర మిల్లు తూకం గది మెట్ల మీద. పెట్టలేదు.

నిన్న ఆ ఉత్తరం రాకపోతే ఇది రాసేవాణ్ని కాదు. మోడల్ రైల్వే క్లబ్బు వాళ్ళు రాశారు. మే ఏడున డర్బన్‌లో ప్రదర్శనట, అదే చర్చి హాలు. "అందరికీ ఆహ్వానం" అట. అందరికీ అన్న మాట కింద గీత కూడా గీశారు, మేము నిన్ననే పుట్టినట్టు. ముప్ఫై రెండేళ్ళ కిందట ఆ హాలు మెట్ల పక్కన బోర్డు ఉండేది, తెల్లవాళ్ళకి మాత్రమే అని. నేను రోడ్డుకి ఇవతల పేవ్‌మెంట్ మీద నిలబడ్డాను, శనివారం ఒక రోజు, ఆదివారం ఒక రోజు. లోపల బల్ల మీద నా బొగ్గు వ్యాగన్ ఉందనుకుంటూ.

అరచేతిలో పట్టే వ్యాగన్. ఇత్తడి రేకు కోసి, వంచి, అతికి చెయ్యడానికి నాలుగు నెలలు. దాని మీద తుప్పు, మసి, వాన చారలు తేవడానికి మరో మూడు నెలలు. కొత్త వ్యాగన్ ఎవడైనా చేస్తాడు. దాన్ని ఇరవై ఏళ్ళు పట్టాల మీద తిరిగినట్టు చెయ్యడమే పని.

డెస్మండ్‌ది బొమ్మల దుకాణంలో ప్యాకింగ్ ఉద్యోగం. అతనూ మాలాగే ఇండియనే, కానీ బల్లలు మొయ్యాలి కాబట్టి అతన్ని లోపలికి పోనిచ్చేవారు. తెల్లవాళ్ళ దుకాణం బల్ల మీద నా వ్యాగన్ పెడతానన్నాడు, నా పేరుతో. ఆదివారం సాయంత్రం బయటికొచ్చి, నా మొహం చూడకుండా, "పెట్టలేదు సిమ్, చోటు లేదన్నారు" అన్నాడు. తెరిచిన తలుపులోంచి ఖాళీ బల్ల నాకు కనబడుతూనే ఉంది.

"అయితే నువ్వే ఉంచుకో" అన్నాను. మళ్ళీ మాట్లాడలేదు.

తెలుగులో రాస్తున్నాను కాబట్టి దాచిపెట్టక్కర్లేదు. మా అమ్మాయి తులసికి తెలుగు మాట్లాడ్డం కొంచెం వచ్చు, చదవడం రాదు. నేర్పలేదని ఒకప్పుడు బాధపడ్డాను. ఇప్పుడు మంచిదే అయింది.

16 జనవరి

కొత్త వ్యాగన్ మొదలుపెట్టాను. అదే నమూనా, అదే నంబరు, 2147. ముప్ఫై ఏళ్ళు తూకం గుమస్తాగా ఆ నంబరు ఎన్నిసార్లు పుస్తకంలో ఎక్కించానో. వెళ్ళి వాళ్ళ బల్ల మీద పెడతాను. డెస్మండ్ లేకుండానే పెడతాను.

తుప్పు ఎక్కడపడితే అక్కడ పట్టదు. ఇది క్లబ్బు పత్రికల్లో రాసే కుర్రకారుకి తెలీదు. గోధుమరంగు ముంచి పాముతారు, తుప్పంటారు. నీళ్ళు నిలిచేచోట పడుతుంది. బొగ్గు పెళ్ళలు తగిలి రంగు లేచినచోట పడుతుంది. రివెట్ కింద సన్నగా మొదలై వాన దారిలో కిందకి దిగుతుంది, అడ్డంగా పోదు. రోజూ చెయ్యిపడే కొక్కెం మీద పట్టదు, అది నల్లగా నున్నగా ఉంటుంది. ప్రతి మచ్చకీ ఒక కారణం ఉండాలి. కారణం తెలియకుండా వేసిన తుప్పు అబద్ధం.

22 జనవరి

మరీ ఎర్రగా వచ్చింది. తుప్పు పట్టినట్టు లేదు, తట్టు పోసినట్టుంది. తుడిచేశాను.

29 జనవరి

మళ్ళీ అంతే.

6 ఫిబ్రవరి, ఆదివారం

మూడో ప్రయత్నం కొంచెం దారికొచ్చింది. తడిగా ఉన్న తుప్పురంగు మీద వంటింటి ఉప్పు పలుకులు చల్లి, పైన బూడిదరంగు వేసి, ఆరాక ఉప్పు రాలిస్తే, రంగు పెచ్చులు లేచి లోపలి తుప్పు కనబడినట్టు ఉంటుంది. దాని మీద మసి పొడి, సుద్ద పొడి, వేలికొసతో. ఆఖరున వార్నిష్ వెయ్యను. వార్నిష్ వేస్తే పొడి కదలదు నిజమే, కానీ దుమ్ము దుమ్ములా ఉండదు, గాజు కింద పెట్టినట్టుంటుంది. 1962లోనూ వెయ్యలేదు.

ఒక్క నడక నడిచి రిజర్వాయర్ చూసి వచ్చేసరికి తులసి నా బల్ల తుడిచేసింది. తడిగుడ్డతో. వ్యాగన్‌ని కూడా. ఒక పక్క మొత్తం పోయింది.

అరిచాను. ఏమన్నానో గుర్తులేదు.

"ఎయ్ నాయనా, దుమ్ము పట్టి ఉంటే తుడిచాను!" అంది. "దుమ్మేనా? దుమ్ము వెయ్యడానికి నెల పట్టిందా నీకు? మా స్కూల్లో పిల్లలు ఉచితంగా పోస్తారు."

తర్వాత కూర గిన్నె ఠక్కున పెట్టి, "అమ్మ నీ బల్ల దగ్గరికే పోయేది కాదు. పోవద్దని నాకూ చెప్పేది, గొంతు తగ్గించి. ఇప్పుడు తెలిసింది ఎందుకో" అంది.

వాళ్ళమ్మ ప్రస్తావన ఎందుకు తెచ్చిందో. నా బల్ల దగ్గరికి పోలేదు కాబట్టే ఆ రోజుల్లో నా పని సాగింది. ఆవిడకి ఇవేవీ అర్థమయ్యేవి కావు. చెప్పినా అర్థమయ్యేవి కావు. 1962లో కూడా వ్యాగన్ పెట్టెలో సర్దమని మాత్రమే చెప్పాను, అంతకుమించి ఏం చెప్పాలి? సర్దింది. మర్నాడు నేను పనిలో ఉండగా డెస్మండ్ వచ్చి పట్టుకెళ్ళాడు.

20 ఫిబ్రవరి, ఆదివారం

ఫోను. నేనే ఎత్తాను.

"అన్నా, బ్యూలాని మాట్లాడుతున్నా. పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుంచి."

డెస్మండ్ భార్య. గొంతు మారలేదు, చర్చిలో పాడే గొంతు. ఆయనకి షుగర్ ముదిరి క్రిస్మస్‌కి ముందు ఒక కాలు తీసేశారట. రెండోది కూడా అనుమానమేనట. ఒక్కసారి వచ్చి చూడమని అడుగుతున్నాడట.

"ఏం మాట్లాడాలట?" అన్నాను.

"ఆయన దగ్గర మీ పెట్టె ఉంది అన్నా."

"పెట్టె అక్కర్లేదని 1962లోనే చెప్పాను."

"నాతో కాదు చెప్పింది. నేను ఆ పెట్టె మీద ముప్ఫై రెండేళ్ళు దుమ్ము దులిపాను. ఐదు ఇళ్ళు మారాం, అన్నింటికీ మోశాను."

"రోడ్లు బాగాలేవు" అన్నాను. అది నిజం. ఎన్నికల గొడవల్లో ఎవరినో ఒకరిని కాల్చి చంపారని రోజూ పేపర్లో వస్తోంది.

"రోడ్లు బాగుంటే వచ్చేవారా?" అని పెట్టేసింది. పాస్టర్ భార్యల దగ్గర నేర్చుకుంటారు ఇలా మాట్లాడ్డం.

3 మార్చి

వెళ్ళను.

19 మార్చి, శనివారం

తులసి కారులో మౌంట్ ఎడ్జ్‌కోంబ్ వెళ్ళాను. నా తుప్పు ఎందుకు కుదరడం లేదో అసలు వ్యాగన్‌నే అడుగుదామని. చెరకు ఉన్న చోట గోల్ఫ్ ఆడుకునేవాళ్ళ ఇళ్ళు కడుతున్నారు. గేటు, గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న జులూ మనిషి.

"ఎవరింటికి బాబా?" అన్నాడు.

"ఇంటికి కాదు. పాత వ్యాగన్ ఒకటి పక్క పట్టాల మీద, సైడింగ్‌లో ఉండాలి. తుప్పు చూడాలి."

అతను తులసి వైపు చూశాడు, ముసలాయన బాగానే ఉన్నాడా అన్నట్టు. తులసి కళ్ళతోనే ఏదో జవాబు చెప్పింది. నేను చూడలేదనుకుంది.

చూడనిచ్చాడు. నా పనికి పనికొచ్చే వ్యాగన్ ఒకటే మిగిలింది, గడ్డిలో. చాకుతో కొంచెం తుప్పు గీకి కాగితంలో పొట్లం కట్టుకున్నాను. ఈ సైడింగ్ దగ్గరే ఒక ఇంజినీరు దొర నన్ను ఇరవై రెండేళ్ళు "సామీ" అని పిలిచాడు, ఇండియన్లందరికీ దొరలు పెట్టిన పేరు అదే. నా పేరు సింహాద్రి, ఇన్‌వాయిస్ మీద రోజూ సంతకం పెట్టేవాణ్ని, ఒకసారి చదివి ఉండొచ్చు. పోయాడు. అతని సమాధి మీద కూడా పేరు తప్పుగా చెక్కి ఉంటారని ఆశిస్తున్నాను.

మిల్లు వాళ్ళిచ్చిన, మేమున్న బ్యారక్ వరసలో మూడు గదులు ఇంకా ఉన్నాయి. తులసి మా గది గుమ్మం ముందు నిలబడి లోపలికి వెళ్ళలేదు.

"చిన్నగా ఉంది నాయనా" అంది.

"అప్పుడూ అంతే."

"నీ బల్ల ఎక్కడుండేది? కిటికీ దగ్గర కదా. అమ్మ పొయ్యి ఇక్కడ." నాలుగు అడుగులు కొలిచింది. "ఇంతే దూరమా?" అంది. ఎందుకు అడిగిందో తెలీదు.

27 మార్చి

తుప్పుకి అసలు తుప్పే వాడాను. గుడ్డలో జల్లెడ పట్టి. అయినా కుదరలేదు. అసలు తుప్పు వేసినా నకిలీలా కనబడుతోంది. నా కళ్ళదా లోపం, చేతిదా? 1962లో వేసింది ఎలా ఉండేదో కళ్ళు మూసుకుంటే ప్రతి చారా కనబడుతుంది. డెస్మండ్ దాన్ని ఏ అటక మీదో పెట్టి పాడుచేసి ఉంటాడు.

4 ఏప్రిల్, ఈస్టర్ సోమవారం

బ్యూలా వాళ్ళ చర్చి పాస్టర్ డర్బన్ వస్తూ పెట్టె ఇచ్చి వెళ్ళాడు. నేను స్నానంలో ఉన్నాను. తులసి తీసుకుంది. నేనైతే తీసుకునేవాణ్ని కాదు.

బల్ల మీద ఉంది. అదే సబ్బు పెట్టె, అట్టది, మూలలు చిరిగింది. అప్పటి పురికొసే.

తెరవలేదు.

5 ఏప్రిల్

తెరిచాను.

పైన ఒక అట్ట. నల్లసిరాతో డెస్మండ్ చేతిరాత. దుకాణంలో ధరల అట్టలన్నీ అతనే రాసేవాడు. "బొగ్గు వ్యాగన్ 2147. చేసినవారు: ఎస్. సింహాద్రి నాయుడు, మౌంట్ ఎడ్జ్‌కోంబ్." అయితే రాశాడు. రాసి, పెట్టలేదు.

దాని కింద, పాత చీర ముక్కలో, వ్యాగన్. నేను చేసిందే. రివెట్ల వరస నాది. కానీ తుప్పు లేదు. మసి లేదు. వాన చార ఒక్కటి లేదు. పక్కల రంగు కూడా చాలాచోట్ల లేచిపోయి కింద ఇత్తడి పచ్చగా ఉంది. మెట్లు, పట్టుకునే కమ్మీలు, అన్నీ బయటపడి ఉన్నాయి. ఇత్తడి ఇన్నేళ్ళలో కొంచెం మసకబారింది గానీ, ఒకప్పుడు ఎంత మెరిసిందో తెలుస్తోంది.

కడిగేశాడు. ముప్ఫై రెండేళ్ళు దాచిపెట్టి, కడిగేసి పంపాడు. ఎంత పగ.

6 ఏప్రిల్

భూతద్దం పెట్టి చూశాను.

బ్రేకు కమ్మీ వెనక ఒక పీచు ఇరుక్కుని ఉంది. నల్లగా ఎండిపోయింది. సూదితో తీశాను. నీళ్ళలో వేశాను, గంట తర్వాత మెత్తబడింది. నాలిక మీద పెట్టుకుంటే ఏమీ తెలియలేదు, ఇన్నేళ్ళకి పులుపెక్కడ ఉంటుంది. కానీ అది చింతపండు పీచు. మూలల్లో తెల్లగా ఉన్నది బూడిద.

డెస్మండ్ ఇంట్లో చింతపండు బూడిదతో తోమడానికి ఏముంటుంది? వాళ్ళు కొవ్వొత్తులు వెలిగిస్తారు.

మా ఇంట్లో ఆవిడ శుక్రవారం పొద్దున దీపాలు తోమేది.

డెస్మండ్ వచ్చి పట్టుకెళ్ళింది శుక్రవారం.

7 ఏప్రిల్

జాగ్రత్తగా సర్దమన్నాను, అంతే.

8 ఏప్రిల్

సరిగ్గా గుర్తు తెచ్చుకుందాం. గురువారం సాయంత్రం. నేను ఆఖరి పొడి వేశాను. ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. "ఎల్లుండి దొరలు చూస్తారు, జాగ్రత్తగా సర్దు" అన్నాను. ఆవిడ, "మీ పేరుంటుందా?" అంది. ఉంటుందన్నాను. నవ్వింది. అంతవరకూ బాగానే గుర్తుంది.

తోమమని నేను చెప్పలేదు.

10 ఏప్రిల్, ఆదివారం

తులసికి వ్యాగన్ చూపించాను. చీర ముక్క గుర్తుపట్టింది. పీచు చూపించాను. ఒక్క నిమిషం చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను.

"అయ్యో అమ్మా. తోమేసిందా. దొరలు చూస్తారని తోమేసిందా."

"తోమి, నాకు చెప్పలేదు" అన్నాను. "1989లో పోయేదాకా ఇరవై ఏడేళ్ళు. నేను అన్నం ముందు కూర్చుని డెస్మండ్‌ని తిట్టేవాణ్ని కదా, నువ్వూ విన్నావు. వడ్డిస్తూ వినేది. ఒక్క మాట చెప్పలేదు."

"ఎలా చెబుతుంది నాయనా?"

"నోటితో."

తులసి నన్ను అదోలా చూసింది. "కంచం మర్చిపోయావా?"

ఒకసారి కంచం విసిరిన మాట నిజమే. 1959లో. నా కుంచెలు పెట్టుకున్న సీసా జరిపిందని. ఒక్కసారే. గోడకేసి విసిరాను.

అదే చెప్పాను, గోడకి అని.

"గోడకా? ఐకోనా నాయనా, గోడకి కాదు. నేను అక్కడే ఉన్నా, ఏడేళ్ళు నాకు. అమ్మ కనుబొమ మీద ఆ మచ్చ ఎక్కడిదనుకుంటున్నావు?"

"అది చిన్నప్పటిది. బావి దగ్గర పడింది."

"బ్యారక్‌లో బావి ఎక్కడుంది? మనకి కుళాయి."

లేచి గిన్నెలు కడగడానికి పోయింది. చాలాసేపు కడిగింది.

11 ఏప్రిల్

ఆ మచ్చ చిన్నప్పటిదని ఆవిడే చెప్పింది. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పేది. నేను విన్నాను.

17 ఏప్రిల్, ఆదివారం

వెళ్ళాను. తులసి నడిపింది. ఎమర్జెన్సీ పెట్టినప్పటి నుంచి దారిలో సైనికులు. ఒకచోట కారు ఆపి, ఒక పిల్ల సైనికుడు నా ఒళ్ళో పెట్టె చూశాడు.

"ఏముంది అందులో, అంకుల్?"

"బొగ్గు వ్యాగన్" అన్నాను.

తెరిపించాడు. తుపాకీ భుజానికి మార్చుకుని వేలితో చక్రం తిప్పాడు. తిరిగింది. "బాగుంది. కొత్తదా?" అన్నాడు. తులసి కిటికీ వైపు తిరిగింది.

బ్యూలా తలుపు తీసింది. "వచ్చారా అన్నా. ముప్ఫై రెండేళ్ళుగా రోడ్లు బాగాలేవు కదా, ఇవాళ బాగుచేశారా?"

డెస్మండ్ వరండాలో చక్రాల కుర్చీలో ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. మీసం మాత్రం అలాగే ఉంది.

"రా సిమ్. చూడు, లేచి పారిపోలేను. నీకిష్టమొచ్చినంత తిట్టు."

పెట్టె అతని ఒళ్ళో పెట్టాను. "ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

"నీకు తెలీకపోతే వచ్చేవాడివి కాదు."

"నువ్వు చెప్పు."

"హాల్లో శనివారం పొద్దున తెరిచా, మాన్. లోపల మీ పూజగదిలో దీపం పెట్టినట్టుంది. ధగధగ. నేను నెలరోజులుగా మా ఓనర్ చెవులు తినేశాను, మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో ఒకడున్నాడు, వాడి తుప్పు ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవాలని. దీన్ని పెడితే పగలబడి నవ్వేవాళ్ళు. నీ పేరు మీద నవ్వేవాళ్ళు. అందుకే చోటు లేదన్నా."

"నిజం చెప్పి ఉండొచ్చు."

"చెబుదామనే వచ్చా, మరుసటి వారం. నువ్వు పనిలో ఉన్నావు. చెల్లెమ్మ గుమ్మంలో ఉంది. నన్ను చూడగానే, 'దొరలకి నచ్చిందా అన్నా? మూలమూలలా తోమాను, గోరు పెట్టి తోమాను, వేలు తెగింది చూడు' అంది. వేలు చూపించింది, సిమ్. నేనేం చెప్పాలి? చెప్పేశా. గుమ్మం పట్టుకుని కింద కూర్చుండిపోయింది. ఆయనకి చెప్పకు అన్నా, నీ పిల్లల మీద ఒట్టు వెయ్యి, అంది. వేశా."

"నాకు వేసిన ఒట్టో?"

"నీది తప్పా. ఆమెది తప్పలేకపోయా."

"ఎందుకు? నేనేం చేస్తాననుకున్నారు ఇద్దరూ?"

బ్యూలా టీ పళ్ళెం పట్టుకుని వచ్చి అలాగే నిలబడింది. డెస్మండ్ చేత్తో తన కనుబొమ ఒకసారి రుద్దుకున్నాడు. దురద పెట్టి ఉంటుంది.

"టీ చల్లారుతుంది అన్నా" అంది బ్యూలా.

తాగాను. చక్కెర లేని టీ, ఆ ఇంట్లో ఇప్పుడు అందరికీ అదే. వచ్చేటప్పుడు డెస్మండ్, "ప్రదర్శనకి పెడతావా?" అని అడిగాడు. మళ్ళీ తుప్పు వేసి పెడతానన్నాను. "వెయ్యగలవా?" అన్నాడు. వెక్కిరింపో, నిజంగా అడిగాడో తెలీలేదు. అతని మాటలు నాకెప్పుడూ అంతే.

18 ఏప్రిల్

"ఎల్లుండి దొరలు చూస్తారు. కింద మన పేరుంటుంది. మురికిగా కనబడకూడదు." ఇదీ నేను అన్నది. పెట్టె గురించి అన్నాను. సబ్బు పెట్టె మీద నూనె మరకలున్నాయి, వేరే పెట్టె చూడమని. పెట్టె గురించే అన్నాను.

ఆవిడ పెట్టె మార్చలేదు.

24 ఏప్రిల్

పొడులన్నీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మసి, సుద్ద, మౌంట్ ఎడ్జ్‌కోంబ్ నుంచి తెచ్చిన తుప్పు. కడిగిన వ్యాగన్ చేతిలో ఉంది. రెండు వారాల్లో దాన్ని మళ్ళీ పాతబరచాలి. కుంచె ముంచాను. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎప్పుడూ నీళ్ళు నిలిచే మూల నుంచి మొదలుపెడతాను. ఆ మూల రేకు మీద సన్నటి గీతలున్నాయి, ఒకే పక్కకి, దగ్గరదగ్గరగా. గోరు గీతలు. భూతద్దంలో లెక్కపెట్టొచ్చు.

కుంచె కడిగేశాను.

27 ఏప్రిల్, బుధవారం

ఓటు వేశాను. డెబ్బై మూడేళ్ళకి మొదటిసారి. నాలుగు గంటలు నిలబడ్డాను. తులసి స్టూలు తెచ్చింది, కూర్చోలేదు. ముందున్న జులూ ముసలమ్మ తన గొడుగు నీడ సగం నా మీదకి జరిపింది. ఇద్దరికీ కలిసే భాష లేదు. మధ్యలో బిస్కెట్టు ఇచ్చింది.

రేడియో వాళ్ళు చరిత్ర అంటున్నారు. నాకు చరిత్ర తెలుసు. రోము ఎలా కూలిందో, ఫ్రాన్సులో రాజు తల ఎలా తెగిందో ఆవిడకి పొయ్యి దగ్గర చదివి వినిపించేవాణ్ని, తెలుగు చేసి. ఊఁ కొడుతూ వినేది. నీలిమందు రైతుల గురించి చెప్పాను, ఉప్పు సత్యాగ్రహం గురించి చెప్పాను. తుప్పు ఎందుకు వేస్తున్నానో చెప్పలేదు. మూడు నెలలు నాలుగడుగుల దూరంలో కూర్చుని వేశాను. అడగలేదు కదా. అడిగితే చెప్పేవాణ్ని.

అడిగితే ఏమనేవాణ్నో ఆలోచిస్తుంటే వరస కదిలింది.

2 మే

ప్రదర్శన కాగితం నింపాలి. తులసి చదివింది: "మోడల్ పేరు. తయారుచేసినవారు. రంగు, పాతబరిచే పని చేసినవారు, వేరే అయితే."

"వేరే ఎవరైనా ఉన్నారా నాయనా?" అని నవ్వింది.

కాగితం తీసుకుని నేనే నింపాను. మూడో గడిలో ఆమె పేరు రాశాను. నలభై ఏళ్ళు కాపురం చేసి ఆ పేరు నోటితో ఎప్పుడూ పిలవలేదు, మాలో పిలవరు. రాసింది కూడా ఇదే మొదలు. మరణ ధ్రువపత్రం మీద కూడా తులసే రాసింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. డెస్మండ్ అట్ట మీద, నా పేరు కింద ఉన్న ఖాళీలో కూడా అదే పేరు రాశాను. అతని అక్షరాల పక్కన నావి కోడిగీతల్లా ఉన్నాయి.

తులసి చూసింది. స్కూలు బ్యాగు తీసుకుని వెళ్ళిపోయి, మళ్ళీ వెనక్కొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది.

7 మే, శనివారం

మెట్లు ఎనిమిది. బోర్డు ఉన్నచోట గోడ మీద నాలుగు మేకు కన్నాలు మిగిలాయి. వాటి కింద తుప్పు చారలు, నిటారుగా. బాగా పట్టింది.

బల్ల మీద నా వ్యాగన్‌కి ఇటూ అటూ తుప్పు వ్యాగన్లే. కొన్ని నిజంగా బాగున్నాయి. ఒకటి చూసి ఈర్ష్యపడ్డాను. మధ్యలో నాది, పెళ్ళికొచ్చిన దానిలా.

క్లబ్బు కార్యదర్శి, యాభై ఏళ్ళ మనిషి, కళ్ళద్దాలు పైకెత్తి వంగి చూశాడు. "పనితనం అద్భుతం సార్. కానీ బొగ్గు వ్యాగన్ ఇంత శుభ్రంగా ఉండదు కదా. ఏదో పత్రిక ఫోటో చూసి చేశారా?"

"లేదు. ముప్ఫై రెండేళ్ళ పాతది. మా ఇంట్లో తోమారు."

"తోమారా?"

"మీరు చూస్తారని."

అతనికి అర్థం కాలేదు. మర్యాదగా నవ్వి పక్క బల్లకి వెళ్ళాడు. 1962లో అయితే పెద్దగా నవ్వేవాళ్ళు. డెస్మండ్ చెప్పింది నిజమే.

తులసి అట్ట చదువుతూ చాలాసేపు నిలబడింది. "అమ్మ చూస్తే సిగ్గుతో చచ్చిపోయేది నాయనా."

"నన్నడగకుండా అది కూడా చేసేసిందిగా" అన్నాను. తులసి ఏడుస్తూ నవ్వింది. జనం చూశారు.

బహుమతి రాలేదు. ఎలా వస్తుంది?

8 మే, ఆదివారం

బ్యూలా ఫోను చేసింది. రెండో కాలు ఉంటుందట, డాక్టరు చెప్పాడట. అట్ట పెట్టారా అని డెస్మండ్ వెనకనుంచి అరుస్తున్నాడు. పెట్టానని చెప్పమన్నాను. ఎవరు పెట్టారని అరిచాడు. నేనే అని చెప్పమన్నాను. "వచ్చే ఏడు నేను పెడతాను" అన్నాడట. ఇతని ఒట్లు.

అయితే ఎవరిని అనాలి? డెస్మండ్‌ని ముప్ఫై రెండేళ్ళు అన్నాను, ఇక చేతకావడం లేదు, ఒక కాలున్న మనిషి. బోర్డు పెట్టినవాళ్ళు బోర్డు తీసేసుకున్నారు. కంచం విసిరినవాడు ముసలివాడై ఇక్కడ కూర్చున్నాడు. వాణ్ని అనమని తులసి చూపంతా చెబుతోంది. కావచ్చు. కానీ వాడేం చేసేవాడో ఎవరికి తెలుసు? నాకు తెలీదు. తెలుసుకునే వీలు నాకు ఇవ్వలేదు. నాకు జ్వరమొచ్చి లేవలేని రోజులున్నాయి. చేతికి కట్టు కట్టుకుని ఆమె చేత్తో అన్నం తిన్న నెల ఒకటుంది. విసరడానికి నా దగ్గర ఏమీ లేదు, ముద్ద కూడా ఆమె చేతిలోనే ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు. నేను డెస్మండ్‌ని తిడుతూ నమిలాను, ఆమె ఇంకో ముద్ద కలిపింది.

ఏమనేవాణ్ని? ఏమీ అనేవాణ్ని కాదు. అనేవాణ్ని కాదనే అనుకుంటున్నాను. ఒక్కసారి చెప్పి చూడాల్సింది.

చెప్పలేదు. అందుకే ఇంకా ఆమెనే అంటున్నాను. సరస్వతిని.